అత్తగారి ఇంటిపేరు వెతుకులాట: నా ప్రాజెక్టు డైరీ

జనవరి 12

ఈరోజు నుంచి అన్నీ రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే పని మొదలుపెట్టి వారమైనా కాలేదు, ఏ కాగితం ఎందుకు తీశానో అప్పుడే మర్చిపోతున్నాను. వెతుకుతున్నది మా అత్తగారి పుట్టింటి ఇంటిపేరు. ఆవిడకి ఎనభై దాటాయి. ఉండేది స్కాట్లాండ్‌లో, లోమండ్ సరస్సు దిగువన లీవెన్ నది పక్కనున్న అలెగ్జాండ్రియా అనే చిన్న ఊళ్ళో. మేం గ్లాస్గోలో ఉంటాం, రైలెక్కితే గంటలోపే వాళ్ళింట్లో ఉంటాం. నేను కాకినాడ పిల్లని, పేరు పెట్టి పిలవడం నోటికి రాక ఆవిడని 'మమ్' అంటాను, ఆవిడ నన్ను 'హెన్' అంటారు. ఇక్కడి ఆడవాళ్ళ నోట్లో ఆ మాట మన 'అమ్మాయ్' లాంటిది.

క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు ఆవిడ అటక మీంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా దింపించారు. లోపల నాలుగు ఫోటోలు, ఒక మడతపడ్డ జీతం చీటీ, అరచేతిలో పట్టేంత బైబిల్ ఒకటి. బైబిల్ ఇంగ్లీషులో లేదు, స్కాట్లాండ్ కొండప్రాంతాల పాత భాష గేలిక్‌లో ఉంది. ఆ భాష ఇంట్లో ఎవరికీ రాదు. అట్ట లోపలి కాగితం మీద గోధుమ రంగుకి తిరిగిన సిరాతో ఒక పేరు రాసుంది. మొదటి మాట 'లైన్' లాగా కనిపిస్తోంది, తర్వాత 'మాక్', తర్వాత చిన్నగా 'ఆన్', ఆ తర్వాత 'టి' అక్షరం, ఒక అడ్డగీత, 'ఎస్'తో మొదలయ్యే ఇంకో మాట. చివరి అక్షరాల మీద మడత పడి సిరా అలికేసినట్టుంది.

అత్తగారి పుట్టింటివాళ్ళ ఇంటిపేరు రైట్. ఈ పేరుకీ ఆ ఇంటికీ ఏ సంబంధమూ కనిపించదు. అందుకే వాళ్ళ మేనత్త ఒకావిడ ఎప్పుడో ఒక కథ చెప్పిందట: ఆ బైబిల్ మనది కాదు, మీ ముత్తాత ఎవరిదో పట్టుకొచ్చేశాడు, సైన్యం నుంచి పారిపోయి పేరు మార్చుకుని ఈ ఊళ్ళో దాక్కున్నాడు. అత్తగారు ఇది చెబుతూ నా మొహం కేసి చూడలేదు. చిన్నప్పుడు బళ్ళో ఎవరితోనో గొడవైతే ఈ మాటే అనిపించుకున్నారట. "నేను పోయేలోపు అది నిజమో అబద్ధమో తెలిస్తే బాగుండు, హెన్" అన్నారు. అంతే, ప్రాజెక్టు అలా మొదలైంది.

ముత్తాతదీ, ఆయన భార్యదీ అసలు పేర్లు ఇక్కడ రాయను. ముత్తాతని డంకన్ అంటాను, ఆయన భార్యని ఆగ్నెస్ అంటాను, ఇంటిపేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

జనవరి 19

ముందు ఇక్కడి రికార్డుల పద్ధతి నేర్చుకున్నాను. స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1 నుంచి ప్రతి పుట్టుకా, పెళ్ళీ, చావూ ప్రభుత్వ రిజిస్టర్లో ఎక్కాల్సిందే. అంతకుముందువి చర్చి పుస్తకాల్లో ఉంటాయి, వాటిలో అన్నిటికన్నా పాతది ఎరోల్ అనే ఊరిది, 1553 నుంచి ఉంది. ఇవన్నీ 'స్కాట్లాండ్స్‌పీపుల్' వెబ్‌సైట్లో స్కాన్ చేసి పెట్టారు. పేర్ల సూచిక చూడ్డానికి డబ్బులక్కర్లేదు, అసలు పేజీ ఫోటో కావాలంటే ఒక్కోదానికి 6 క్రెడిట్లు, అంటే పౌండున్నర. పుట్టుకలైతే నూరేళ్ళు, పెళ్ళిళ్ళైతే 75 ఏళ్ళు, మరణాలైతే 50 ఏళ్ళు దాటితేనే ఇంట్లో కూర్చుని చూడగలం.

వెనక్కి నడవాలి, ముందుకి కాదు. ఇది మొదటి రోజే అర్థమైంది. ఎవరో పాత వీరుడి దగ్గర మొదలుపెట్టి మన దాకా రావాలని చూస్తే ఎక్కడో ఒక చోట మనకిష్టమైన వాణ్ణి తెచ్చి ఇరికించేస్తాం. అందుకని అత్తగారి నాన్నగారి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని, అక్కణ్ణుంచి తాతగారి పుట్టుక పేజీ కొన్నాను. 1884, బాన్‌హిల్ పారిష్, అంటే ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం. ఇంటిపేరు రైట్. తండ్రి డంకన్ రైట్, పని 'టర్కీ రెడ్ డైయర్', తల్లి ఆగ్నెస్, పుట్టింటి పేరు కహూన్. ఈ కహూన్‌ని రాసేటప్పుడు మధ్యలో ఎల్, క్యూ వచ్చేస్తాయి, పలికేటప్పుడు రెండూ ఉండవు, తెలుగులో రాస్తేనే హాయిగా ఉంది.

ఆ పేజీలో నాకు బాగా పనికొచ్చింది ఒక చిన్న వరస: '1872 డిసెంబర్ 31, బాన్‌హిల్'. అది బిడ్డ తల్లిదండ్రుల పెళ్ళి తేదీ, పెళ్ళయిన ఊరు. స్కాట్లాండ్ పుట్టుక రిజిస్టర్లలో 1855లోనూ, మళ్ళీ 1861 నుంచీ ఈ వివరం రాస్తున్నారు, ఇంగ్లండ్ రిజిస్టర్లలో ఇది ఉండదు. తెల్లారితే కొత్త సంవత్సరం సెలవు కాబట్టి పనివాళ్ళు చాలామంది డిసెంబర్ 31న పెళ్ళి పెట్టుకునేవాళ్ళు.

ఇంకోటి కూడా చూశాను, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. సమాచారం ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టే చోట రిజిస్ట్రారు గుండ్రటి చేతిరాతతో 'డంకన్ రైట్, తండ్రి' అని ఉంది, మధ్యలో ఒక ఇంటూ గుర్తు, దాని పైనా కిందా 'ఆయన గుర్తు' అని. ఇంటూలో ఒక గీత రెండోదాని కన్నా బాగా పొడుగు, కలం గట్టిగా నొక్కినట్టు చివర సిరా ముద్ద కట్టింది. వేలిముద్ర లాంటిదే అనుకుని పేజీ సేవ్ చేసి పడుకున్నాను.

టర్కీ రెడ్ గురించి ఒక మాట. లీవెన్ నీళ్ళు శుభ్రంగా ఉండేవని ఆ ఒడ్డున పెద్దపెద్ద అద్దకం కర్మాగారాలు పెట్టారు, వెలిసిపోని ఎర్ర రంగు వాళ్ళ ప్రత్యేకత. పని కోసం కొండప్రాంతాల నుంచి, ఐర్లండ్ నుంచి జనం దిగారు. ఆ ఎర్ర గుడ్డ మన దేశానికి ఓడల కొద్దీ వెళ్ళేది. ఎడిన్‌బరాలో నేషనల్ మ్యూజియం దాచిన నమూనా పుస్తకాల్లో మన కోసమే వేసిన నెమళ్ళ డిజైన్లున్నాయి. ఆ ఎరుపు మీద పసుపు, నీలం నెమలిని ఫోటోలో చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా అత్తగారి ముత్తాత చేతుల మీదుగా పోయిన గుడ్డ మా వైపు ఏ ఇంట్లో రవికైందో!

జనవరి 28

ఈ వారం పొరపాటు చేశాను, అది పూర్తిగా రాసుకోవాలి.

డంకన్ మరణం సులువుగానే దొరికింది: 1913, వయసు 66, బాన్‌హిల్‌లోనే. ఇక్కడి మరణ రిజిస్టర్లో పోయినవాళ్ళ అమ్మానాన్నల పేర్లు కూడా, అమ్మ పుట్టింటి పేరుతో సహా రాస్తారు. తండ్రి 'జాన్ రైట్, జాయినర్' అని ఉంది. జాయినర్ అంటే వడ్రంగి. ఇక జాన్ రైట్ కొడుకు డంకన్ రైట్, 1847 ప్రాంతంలో పుట్టినవాడు, అని వెతికాను. 1872లో బాన్‌హిల్‌లో ఏ డంకన్ రైటుకీ పెళ్ళి కాలేదు. అక్కడ ఆగి ఎందుకు లేదని ఆలోచించాల్సింది. ఆలోచించకుండా, ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టుకున్న వంశవృక్షంలో ఫైఫ్ ప్రాంతపు జాన్ రైట్, కొడుకు డంకన్ కనిపించగానే పట్టేసుకున్నాను. ఎనిమిది పేజీలు కొన్నాను, పన్నెండు పౌండ్లు. మూడు తరాలు వెనక్కి వెళ్ళిపోయాను. ఆనందం పట్టలేక అత్తగారికి ఫోన్ చేసి మీవాళ్ళు ఫైఫ్ నుంచి వచ్చారని కూడా చెప్పేశాను.

ఆ మర్నాడు రాత్రి తొమ్మిదో పేజీ తెరిస్తే, ఆ డంకన్ నాలుగేళ్ళ వయసులో దగ్గు జబ్బుతో పోయాడు. పసిపిల్లాడి చావు పేజీ అది. చదివి చాలా బాధేసింది. అత్తగారికి మళ్ళీ ఫోన్ చేసి కాదని చెప్పడం ఇంకా కష్టమైంది. పర్వాలేదమ్మా అన్నారు గానీ గొంతులో తేడా తెలిసింది. ఇక మీదట రెండు వేర్వేరు కాగితాలు ఒకే మాట చెప్పేదాకా ఆవిడకి ఏదీ చెప్పకూడదని అనుకున్నాను.

ఫిబ్రవరి 4

అత్తగారి కజిన్ ఒకాయన ఫోన్ చేసి, మనం తప్పకుండా మెక్‌గ్రెగర్ వంశంవాళ్ళమే, పేరు నిషేధిస్తే దాచుకున్నాం అని గట్టిగా చెప్పారు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఈ ఆశ ఉంటుంది, కారణం కూడా ఉంది. 1603 ఫిబ్రవరిలో, అలెగ్జాండ్రియాకి దగ్గర్లోనే ఉన్న గ్లెన్ ఫ్రూయిన్ లోయలో మెక్‌గ్రెగర్లు కహూన్ల మీద పడి చాలామందిని చంపారు. ఆ ఏప్రిల్లోనే ఆరో జేమ్స్ రాజు మెక్‌గ్రెగర్ అనే పేరునే రద్దు చేశాడు. ఆ పేరుతో ఉంటే ప్రాణానికే ముప్పు. దాంతో వాళ్ళు క్యాంప్‌బెల్, డ్రమండ్, గ్రాంట్, ముర్రే లాంటి పేర్లలో తలదాచుకున్నారు. మధ్యలో 1661లో సడలించి, 1693లో మళ్ళీ బిగించి, పూర్తిగా ఎత్తేసింది 1774లో. వాళ్ళలో పేరుమోసిన వీరుడు రాబ్ రాయ్ అంతటివాడు కూడా క్యాంప్‌బెల్ అనే పేరు వాడాల్సి వచ్చింది.

కథ గొప్పదే. కానీ మనవాడు పుట్టింది 1847లో, నిషేధం పోయి డెబ్భై ఏళ్ళు దాటాక. ఈ దారి వదిలేశాను.

ఫిబ్రవరి 13

ఆఫీసుకి సెలవు పెట్టి ఎడిన్‌బరా వెళ్ళాను. ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు చివర జనరల్ రిజిస్టర్ హౌస్ ఉంది, 1774లో పునాది వేసిన భవనం, రాబర్ట్ ఆడమ్ గీసిన పెద్ద గుమ్మటం కింద అల్మారాల నిండా రిజిస్టర్లు. ముందే సీటు బుక్ చేసుకుని రోజుకి 15 పౌండ్లు కడితే ఎన్ని పేజీలైనా చూసుకోవచ్చు. పది పేజీల కన్నా ఎక్కువ చూసే పనుంటే ఇంట్లో క్రెడిట్లు కొనడం కన్నా ఇదే మేలు.

రైల్లో కూర్చుని ఒక్కటే ఆలోచించాను. 1913లో డంకన్ చనిపోయాడని చెప్పడానికి వెళ్ళింది ఎవరు? ఆయన కొడుకు, అంటే అత్తగారి తాతగారు. ఆయనకి తన తాత జాన్ ఏ పేరుతో బతికాడో ఏం తెలుసు? తను రైట్, నాన్న రైట్, కాబట్టి తాతా రైట్ అని చెప్పి ఉంటాడు. అంటే ఆ కాగితంలో 'జాన్', 'వడ్రంగి' అన్నవే నమ్మాలి. మరి ఎవరి పేరు మారదు? ఆగ్నెస్ పేరు మారదు. స్కాట్లాండ్ రికార్డుల్లో పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి పేరు పోదు, చనిపోయాక కూడా సూచికలో రెండు పేర్ల కిందా ఉంటారు, సమాధి రాళ్ళ మీద కూడా చాలా చోట్ల పుట్టింటి పేరే చెక్కుతారు. పెళ్ళితో ఇంటిపేరు మార్చేసుకునే ఊళ్ళ నుంచి వచ్చిన నాకు అది చాలా నచ్చింది.

అందుకని వరుణ్ణి వదిలేసి వధువుని వెతికాను. ఆగ్నెస్ కహూన్, బాన్‌హిల్, 1872. మూడు పెళ్ళిళ్ళు వచ్చాయి. రెండోది తెరిచాను. డిసెంబర్ 31. ఫ్రీ చర్చి పద్ధతి ప్రకారం. వధువు ఆగ్నెస్ కహూన్. వరుడు డంకన్ మెకింటైర్, వయసు 25, టర్కీ రెడ్ డైయర్. తండ్రి జాన్ మెకింటైర్, జాయినర్. పెళ్ళి పేజీలో సంతకాల్ని రిజిస్ట్రారే ఎత్తి రాస్తాడు, అక్కడ ఆగ్నెస్ సంతకం పెట్టినట్టుంది, డంకన్ పేరు దగ్గర మాత్రం మళ్ళీ ఇంటూ గుర్తు.

చేతులు చల్లబడ్డాయి. మెకింటైర్ ఎవరు, మెకింటైర్ రైట్ ఎలా అయ్యాడు? అక్కడ బల్ల మీద ఇంటిపేర్ల నిఘంటువు ఉంటే తీశాను. గేలిక్‌లో మెకింటైర్‌ని 'మాక్ ఆన్ టి-ఎస్...' అని చదువుతూనే ఫోన్ తీసి బైబిల్ ఫోటో తెరిచాను. టి, అడ్డగీత, ఎస్, ఎ, ఒ, ఐ, ఆర్. మడతలో అలికేసిన అక్షరాలు ఇవే. మొదటి మాట 'లైన్' కూడా కాదు. మేమందరం ఎల్ అనుకున్నది పెద్ద ఐ. ఇయన్. జాన్‌కి గేలిక్ రూపం.

ఇయన్ మాక్ అన్ తూర్. జాన్ మెకింటైర్. డంకన్ వాళ్ళ నాన్న. ఎవరిదో పట్టుకొచ్చేశాడని నూరేళ్ళకి పైగా చెప్పుకున్న బైబిల్ మీద ఉన్నది సొంత తండ్రి పేరు.

ఫిబ్రవరి 15

ఆరోజు ఆనందంలో రాయలేకపోయినవి ఇప్పుడు నెమ్మదిగా రాస్తున్నాను.

గేలిక్‌లో 'మాక్' అంటే కొడుకు, 'సూర్' లాంటి ఉచ్చారణతో ఉన్న మాటకి అర్థం వడ్రంగి. మధ్యలో 'అన్' చేరేసరికి ముందు 'ట' వచ్చి 'స' పలకడమే మానేస్తుంది. మన సంధుల్లో అక్షరం లోపించడం తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మాక్ అన్ తూర్, మెకన్‌తూర్, మెకింటైర్. వడ్రంగి కొడుకు. ఇక రైట్ అంటే? లోలాండ్, అంటే కొండల దిగువ ప్రాంతపు, స్కాట్స్ భాషలో వడ్రంగిని అనే మాటే రైట్. తెలంగాణలో వడ్ల, కమ్మరి అని ఇంటిపేర్లున్నట్టే. అంటే పేరు మారలేదు, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వచ్చింది. మెకింటైర్లు కొండల్లోంచి దిగి రైట్లు కావడం, మాక్ అ గవన్ అనే కమ్మరి కొడుకులు మెక్‌గోవన్లై, కొందరు ఏకంగా స్మిత్‌లు కావడం ఇక్కడ ఎన్నో కుటుంబాల్లో జరిగింది.

నా నియమం ప్రకారం రెండో కాగితం కావాలి. పిల్లల పుట్టుకలన్నీ వరసగా తీశాను. 1873, మొదటి కొడుకు జాన్, ఇంటిపేరు మెకింటైర్. 1876, కూతురు, రిజిస్ట్రారు 'మెకింటైర్ ఆర్ రైట్', అంటే మెకింటైర్ లేదా రైట్, అని రెండూ రాశాడు. 1879, ఇంకో కూతురు, రైట్. 1884, తాతగారు, రైట్. నాలుగింటిలోనూ తల్లి ఆగ్నెస్ కహూన్, పెళ్ళి తేదీ 1872 డిసెంబర్ 31. ఇక అనుమానం లేదు. మొదటి కొడుకుకి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుకుకి తల్లి తండ్రి పేరు పెట్టడం ఇక్కడి పాత ఆచారం, మన తాతల పేర్లు పెట్టుకున్నట్టే. పెద్దకొడుకు జాన్ కాబట్టి తాత జాన్ అన్నది కూడా కుదిరింది.

స్కాట్లాండ్ చట్టంలో మోసం చేయాలని కాకపోతే ఇంటిపేరు మార్చుకోవడానికి కోర్టు అవసరం లేదు, గెజిట్టూ అక్కర్లేదు. నలుగురూ ఎలా పిలిస్తే అదే పేరు. పైగా రాసేవాళ్ళు చెవికి వినిపించింది రాసేవాళ్ళు. మన తెలుగువాళ్ళకి తెలిసిన పేరు ఒకటి చెబుతాను: మెకెంజీ. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన ఊళ్ళ కైఫియతులు సేకరించిన కోలిన్ మెకెంజీ స్కాట్లాండ్ పడమటి దీవుల్లో స్టోర్నోవే మనిషి. ఆ పేరులో జెడ్ నిజానికి జెడ్ కాదు. పాత స్కాట్స్ రాతలో 3 అంకెలా తోకతో ఉండే 'యోఖ్' అనే అక్షరం ఉండేది, 'య'కి దగ్గరి శబ్దం. అచ్చుపని వచ్చాక ఆ దిమ్మ లేక జెడ్ పెట్టారు, తర్వాత జనం రాసినట్టే పలకడం మొదలుపెట్టారు. మెన్జీస్ అని రాసే పేరుని మాత్రం ఇప్పటికీ చాలామంది 'మింగిస్' అనే అంటారు. మా నాన్నగారి ఇంటిపేరుకి పదో తరగతి సర్టిఫికెట్లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు ఉన్నాయి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. అందుకే ఈ పనిలో కళ్ళతో కన్నా చెవులతో వెతకాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అత్తగారికి ఇంకా చెప్పలేదు. సైన్యం కథ మిగిలుంది.

మార్చి 1

జనగణన పేజీలు. 1841 నుంచి పదేళ్ళకోసారి ఉన్నాయి. 1881లో డంకన్ రైట్, 34, పుట్టింది ఆర్గైల్ జిల్లా గ్లెనోర్కీ, గేలిక్ మాట్లాడతాడు. గేలిక్ వాళ్ళని లెక్కపెట్టడం ఆ ఏడాదే మొదలైంది. 1871లో డంకన్ మెకింటైర్, రెంటన్‌లో ఒక ఇంట్లో అద్దెకున్నాడు, అదే అద్దకం పని. 1861లో పద్నాలుగేళ్ళు, గ్లెనోర్కీలో తల్లిదండ్రులతో.

1851 పేజీ దగ్గర చాలాసేపు ఉన్నాను. డల్మాలీ దగ్గర ఒక పల్లె. ఇంటి పెద్ద జాన్ మెకింటైర్, వయసు 38. భార్య. పిల్లలు, వాళ్ళలో డంకన్, 4. జాన్ వరసలో కుడివైపుకి వేలు జరుపుకుంటూ వెళ్ళాను, పని రాసే గడిలో ఉన్న మాట: రైట్. ఇంటిపేరు ఒక గడిలో, దానికి అర్థం అదే వరసలో ఇంకో గడిలో. లోయ దిగాక కర్మాగారం గుమాస్తాకి ఎవరైనా 'ఆ వడ్రంగి కొడుకు' అని చెప్పారో, లేక ఆగ్నెస్ లాంటి లోలాండ్ మనిషి ఇంటి పేరుని తన భాషలోకి తిప్పుకుందో, ఎలా జరిగినా ఆ మాట అప్పటికే ఇంట్లో ఉంది.

డంకన్ బాప్టిజం మాత్రం గ్లెనోర్కీ పారిష్ పుస్తకంలో లేదు. పెళ్ళి ఫ్రీ చర్చిలో అయిందని చూశాక కారణం తెలిసింది. 1843లో స్కాట్లాండ్ చర్చి నిలువునా చీలింది, కొండప్రాంతాల్లో చాలామంది ఫ్రీ చర్చిలోకి వెళ్ళిపోయారు, ఆ తర్వాత పుట్టిన వాళ్ళ పిల్లలు పాత పారిష్ పుస్తకాల్లో కనబడరు.

ఇదే గ్లెనోర్కీలో, ఇదే ఇంటిపేరుతో 1724లో ఒక మహాకవి పుట్టాడు, డంకన్ బాన్ మెకింటైర్. అడవి కాపలా కాసేవాడు, తర్వాత ఎడిన్‌బరా నగర కాపలా దళంలో చేశాడు. చదవడం, రాయడం రాదు. వేల పాదాలు నోటికి చెబితే డోనల్డ్ మెక్‌నికల్ అనే పాస్టరు కూర్చుని రాశాడు, 1768లో అచ్చయింది. మనవాళ్ళకి ఆయన చుట్టమని అనను, అక్కడ మెకింటైర్లు చాలామంది ఉన్నారు. కానీ ఆయన గురించి చదివాకే మన డంకన్ ఇంటూ గుర్తు మళ్ళీ గుర్తొచ్చింది. అన్ని పేజీలూ తిరిగి తెరిచాను. 1872లో ఇంటూ. 1873లో ఇంటూ. 1876, 1879, 1884, అన్నిటిలోనూ ఇంటూ. ఈ మనిషి తన పేరు ఒక్కసారి కూడా తను రాసుకోలేదు. మెకింటైర్ అని రాసింది ఒకరు, రైట్ అని రాసింది ఇంకొకరు. పేరు మార్చుకున్నాడని ఇన్నేళ్ళు నింద మోసిన మనిషికి అసలు ఆ పేరు రాయడమే రాదు. 1872లో స్కాట్లాండ్‌లో పిల్లలందరికీ బడి తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ బళ్ళో చదివి, 1913లో తండ్రి మరణ పేజీలో 'రైట్' అని చక్కటి అక్షరాలతో సంతకం పెట్టినవాడు అత్తగారి తాతగారు. ఆయన చేతి రాతతోనే ఆ ఇంటి పేరు స్థిరపడిపోయింది.

మార్చి 15

1872 పెళ్ళి పేజీలో జాన్ పేరు తర్వాత 'చనిపోయారు' అన్న మాట లేదు. ఇక్కడి పద్ధతిలో తల్లో తండ్రో అప్పటికే పోయి ఉంటే ఆ మాట రాస్తారు. అంటే 1872 డిసెంబరుకి జాన్ బతికే ఉన్నాడు, అంటే మరణం ప్రభుత్వ రిజిస్టర్లో దొరకాలి. గ్లెనోర్కీలో 1873 నుంచి జాన్ మెకింటైర్లు ఒకళ్ళిద్దరు కాదు. భార్య పుట్టింటి పేరుతో సరిపోల్చుకుంటూ నాలుగు పేజీలు కొన్నాను. నాలుగోది.

1886. జాన్ మెకింటైర్, వయసు 73, వడ్రంగి. తండ్రి పేరు డంకన్ మెకింటైర్, కౌలు రైతు. సమాచారం ఇచ్చినవారి గడిలో: డంకన్ మెకింటైర్, కొడుకు, దగ్గరే ఉన్నాడు. ఆయన గుర్తు. ఇంటూ, ఒక గీత పొడుగు.

1884లో బాన్‌హిల్‌లో కొడుకు పుడితే డంకన్ రైట్. రెండేళ్ళకి డల్మాలీలో నాన్న పోతే డంకన్ మెకింటైర్. 1877లోనే డల్మాలీకి రైలు వచ్చింది. కబురందగానే రైలెక్కి వెళ్ళి, నాన్న చివరి గడియల్లో పక్కనే ఉండి, తెలిసినవాళ్ళందరి మధ్య నడిచి వెళ్ళి రిజిస్ట్రారు ముందు నిలబడ్డాడు. ఆ రిజిస్ట్రారు ఆ ఊరి పేరే రాశాడు. దాక్కున్న మనిషైతే పుట్టిన ఊళ్ళో, పుట్టిన పేరుతో, ప్రభుత్వ పుస్తకం ముందుకి రాడు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న బైబిల్ తెచ్చుకున్నాడని నా నమ్మకం.

మార్చి 22

అలెగ్జాండ్రియా వెళ్ళి అత్తగారి భోజనాల బల్ల మీద కాగితాలన్నీ వరసగా పరిచాను. 1851 నుంచి 1913 దాకా. మా ఆయన టీ పెట్టారు, ఎవరూ తాగలేదు. ఆవిడ భూతద్దం పెట్టుకుని అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది 1886 పేజీని. ఆ ఇంటూ మీద వేలు పెట్టి, రెండు గీతల మీదా మెల్లగా గీసినట్టు తిప్పారు. "పాపం, నాన్న దగ్గరే ఉన్నాడన్నమాట" అన్నారు. సైన్యం మాట ఎత్తలేదు. కాసేపాగి, ఇప్పుడు మా మేనత్త ఉంటే బాగుండేది అన్నారు.

తర్వాత బైబిల్ తీసుకుని ఆ పేరు ఎలా పలకాలో చెప్పమన్నారు. నాకు గేలిక్ రాదు, ఒక గేలిక్ టీచరు పలికిన రికార్డింగు ఫోన్‌లో ఉంటే పదిసార్లు వినిపించాను. మధ్యలో నేను మర్చిపోకుండా ఒక చీటీ మీద తెలుగులో రాసుకున్నాను, 'ఇయన్ మాక్ అన్ తూర్' అని. అదేంటని అడిగితే మీ ముత్తాత వాళ్ళ నాన్న పేరే, మా లిపిలో, వినిపించింది వినిపించినట్టు, అన్నాను. ఆ చీటీ ఇవ్వమని తీసుకుని బైబిల్ అట్ట లోపల పెట్టుకున్నారు.

పెద్ద డంకన్, కౌలు రైతు, 1841 జనగణన దాకా ఉన్నాడేమో చూడాలి. ఆ ఏడాది పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుల్ని కిందనున్న ఐదు గుణిజానికి తగ్గించి (38 అయితే 35 అని) రాశారు కాబట్టి జాగ్రత్తగా చూడాలి. గ్లెనోర్కీ పారిష్ పుస్తకంలో 1811 నుంచి 1815 మధ్య డంకన్ అనే తండ్రికి పుట్టిన జాన్ మెకింటైర్లు ముగ్గురున్నారు, ప్రతి ఒక్కరి పక్కనా పల్లె పేరుంది. 1886 పేజీలో ఉన్న తల్లి పుట్టింటి పేరుతో ఆ ముగ్గురినీ సరిపోల్చాలి. మే నెలలో చలి తగ్గాక అత్తగారిని డల్మాలీ తీసుకెళ్తున్నాం, రైల్లోనే వెళ్దాం అన్నారావిడ.